చింతపల్లి దారిలో మా పిన్ని పెరడు

కోతపండుగనాడు గుడి ఆవరణలో జరిగే వేలంపాటను గూర్చి ఈ పత్రిక పాఠకులకు నేను వివరించనక్కరలేదు. ఎవరి ఇంట ఏది పండితే అది తెస్తారు. కుంచెడు ధాన్యం, గుమ్మడికాయ, అరటిగెల, నాటుకోడి, ఏమీ లేకపోతే ఒక పళ్లెం అరిసెలు. 2023 ఫిబ్రవరి చివరి ఆదివారం వాటన్నిటి ప్రక్కన నేను పెట్టిన చిన్న పళ్లెం కూడా ఉన్నది. అందులో మా పార్సనేజి పెరట్లో పండిన బ్రకోలీ గుత్తులు నాలుగు. ఒక్కొక్కటి నిమ్మకాయంత. వాటిమీద ఆవపూలవంటి పసుపుపచ్చని పూలు అప్పటికే విచ్చుకొని ఉన్నవి. పాట నడిపే పెద్దాయన ఒక గుత్తిని పైకెత్తి, అటూ ఇటూ త్రిప్పి చూసి, “అయ్యగారూ, ఇది కూరలోకా, కొప్పులోకా?” అని అడిగినారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆదివారపు బడి పిల్లవాడొకడు పది రూపాయలకు పాడుకొని ఇంటికి పట్టుకొనిపోయి మేకకు పెట్టినాడట. మేకకు మాత్రం బాగా నచ్చినదని వాళ్లమ్మ నాకు కబురు చెప్పినది.

తప్పు నాదే. 2022 నవంబరు చివరలో గింజలు చల్లినాను. నారు చక్కగా వచ్చినది. అంతలో క్రిస్మస్ కార్యక్రమాలు, ఇంటింటి పాటలు, నూతన సంవత్సర ఆరాధన మొదలైనవి. ఆ నారు చిన్న కుండీల్లోనే ఉండిపోయినది. జనవరి మధ్యలో తీరిక దొరికినప్పుడు నాటితే అప్పటికి కాడ బిరుసెక్కి, వేళ్లు కుండీ అడుగున ఉండచుట్టుకొని ఉన్నవి. ఆ మొక్కలు ఎందుకు నిమ్మకాయంత పువ్వు వేసి ఊరుకున్నాయో నాకు అప్పుడు అర్థం కాలేదు. మరుసటి ఏడు మా పిన్ని పెరట్లో అర్థమైనది.

అయితే నేను అక్కడికి బ్రకోలీ కోసం పోలేదు. పిన్నిని తీసుకొని వచ్చే నిమిత్తం పోయినాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. 1984లో ఏ.ఎన్.ఎం. ఉద్యోగంలో చేరి విశాఖ ఏజెన్సీకి వెళ్లినది. పెళ్లి చేసుకోలేదు. కొండమీది పల్లెలన్నీ కాలినడకన తిరిగి కాన్పులు చేసినది, పిల్లలకు టీకాలు వేసినది, మలేరియా మాత్రలు పంచినది. 2018లో పదవీ విరమణ అయిన తరువాత కూడా క్రిందికి రాలేదు. లంబసింగి దాటి చింతపల్లి పోయే దారిలో ఒక పల్లెలో, గిరిజన కుటుంబంవారి పెంకుటింట్లో అద్దెకు ఉండిపోయినది. 2023 ఆగస్టు వానల్లో నూతి గట్టు దగ్గర పాచిమీద కాలుజారి పడి కుడి చేతి మణికట్టు విరిగినది. ఆ సంగతి మాకు రెండు వారాల తరువాత తెలిసినది. అదీ వేరెవరో చెప్పగా. పైగా ఆ ఇంటివారి రెండవ కుమారునికి రాబోయే వేసవిలో పెళ్లి నిశ్చయమైనది గనుక వారికి ఇల్లు కావలసి వచ్చినది. “నేనున్నంతలోనే దాన్ని నా దగ్గరకు చేర్చరా” అని మా అమ్మ నన్ను పోరసాగినది. డెబ్బది ఏండ్ల మనిషి రోజూ అదే మాట అడుగుతుంటే కొడుకు ఏమి చేయగలడు?

2024 జనవరి 8, సోమవారం బయలుదేరినాను. గోదావరి డెల్టాలోని మా ఊరినుండి తునివరకు రైలు, తునినుండి నర్సీపట్నం బస్సు, అక్కడినుండి చింతపల్లి బస్సు. డౌనూరు దాటిన తరువాత ఘాటు రోడ్డు మొదలవుతుంది. మలుపు మలుపుకు గాలి మారుతుంటుంది. క్రింద చొక్కా చేతులు మడుచుకొని కూర్చున్నవారందరూ సగం ఘాటు ఎక్కేసరికి శాలువలు కప్పుకున్నారు. నేను తీసుకొని వెళ్లినది ఒక్క తువ్వాలు.

లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. దానికి కొర్రబయలు అని స్థానికుల పేరు. రాత్రివేళ బయట పడుకున్న మనిషి తెల్లవారేసరికి కొర్రలా, అనగా కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. కొన్ని చలికాలాల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దాకా దిగినట్లు పత్రికలు వ్రాసినవి. ఒకప్పుడు బస్సు ఆగితే రెండు టీ దుకాణాలు కనిపించేవి. ఇప్పుడు చెరువులవేనం కొండమీదనుండి మంచు మేఘాలు చూడడానికి జనం రాత్రికి రాత్రే కార్లలో వస్తున్నారు. రోడ్డు ప్రక్కన గుడారాలు, చలిమంటలు, బొంగు చికెను, స్ట్రాబెరీ తోటలు. ఆ గందరగోళం నాకు అంతగా రుచించలేదు గాని, ఆ స్ట్రాబెరీలు అమ్ముకొనే కుటుంబాలకు అది రొట్టెముక్క కదా అని ఊరుకున్నాను.

చింతపల్లి పేరు మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొట్టమొదట దాడిచేసినది ఆ ఊరి పోలీసు ఠాణామీదనే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ప్రాంతమంతా ఆయన పేరిట ఏర్పడిన జిల్లాలోనికి వచ్చినది. అక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి ప్రాంతీయ పరిశోధనా స్థానం కూడా ఉన్నది. మన రాష్ట్రంలో ఆపిలు పండుతుందా అని పరీక్షించి చూసినది కూడా ఆ కొండలమీదనే. రాజ్మా చిక్కుళ్లు, మిరియాలు, కాఫీ, పసుపు అక్కడి రైతులకు పాత పంటలు. బ్రకోలీ కొత్తది.

నేను చేరేసరికి మధ్యాహ్నం రెండయినది. అయినా పెరట్లో నీడ ఉన్నచోట ఆకులమీద ఇంకా తడి ఉన్నది. పిన్ని నన్ను చూసి కుశలప్రశ్నలు మొదలుపెట్టలేదు. “ఒరే అబ్బాయీ, చెప్పులు అక్కడే విడువు, బోదెమీద కాలు పెట్టకు” అన్నది. సంఘంలో అందరూ నన్ను అయ్యగారూ అంటారు. ఒరే అని పిలిచేవారు ఈ లోకంలో ఇద్దరే మిగిలినారు.

పెరడు ఎంతో లేదు. మూడు మంచాలు వరుసగా వేస్తే పట్టేంత వెడల్పు, దానికి రెండింతల పొడవు. చుట్టూ వెదురు దడి. దడివెంబడి రెండు వరుసలు ఆవమొక్కలు పూతమీద ఉన్నవి. నడుమ ఎత్తు చేసిన మడుల్లో రెండు జట్లుగా ఇరవై నాలుగు బ్రకోలీ మొక్కలు. ఆకులు నీలిబూడిద రంగులో, మైనం పూసినట్లు, నీటిబొట్టు నిలువకుండా జారిపోయేవి. పన్నెండు మొక్కలకు నడుమ పువ్వు కోసివేసిన మోడు కనబడుతున్నది. ఆ మోడు ప్రక్కనుండి, ఆకు చంకల్లోనుండి చిన్న చిన్న గుత్తులు పుట్టుకొస్తున్నవి. మిగిలిన పన్నెండింటికి నడినెత్తిన పెద్ద పువ్వు, ముదురాకుపచ్చగా, గట్టిగా, కొలిచి చేసినట్లు ఉన్నది. నేను మా పళ్లెం సంగతి తలచుకొని సిగ్గుపడ్డాను.

“ఒక్కసారే అన్నీ ఎందుకు నాటలేదు పిన్నీ?” అన్నాను.

“ఒక్కసారే అన్నీ పూస్తే ఎవరు తింటారురా? నెల తేడాతో నాటినాను” అన్నది.

అక్కడున్న నాలుగు రోజుల్లో నేను తెలుసుకున్నది మీకు చెబుతాను. మీలో పెరడు ఉన్నవారు చాలామంది గనుక పనికివస్తుంది.

బ్రకోలీ, కాలీఫ్లవరు, క్యాబేజీ, నూల్‌కోలు, ఇవన్నీ ఒకే జాతి మొక్కలు. మధ్యధరా సముద్రతీరపు అడవి మొక్క ఒకదానినుండి మనుష్యులు ఒక్కొక్కచోట ఒక్కొక్క భాగాన్ని ఎంచి పెంచుకుంటూ వచ్చినారు. ఆకు కావలసినవారికి క్యాబేజీ, కాడ కావలసినవారికి నూల్‌కోలు, పువ్వు కావలసినవారికి మిగిలిన రెండు. బ్రకోలీని పెంచి పెద్దచేసినది ఇటలీవారు. పేరు కూడా వాళ్లదే, మొలక అని అర్థం. కాలీఫ్లవరు విత్తనం 1822లో ఇంగ్లండునుండి సహరాన్‌పూర్ తోటకు వచ్చినదని ఉద్యానశాస్త్ర పుస్తకాలు చెబుతున్నవి. అది రెండువందల ఏండ్లలో మన పెళ్లిభోజనాలదాకా వచ్చేసినది. బ్రకోలీకి ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. అమెరికాలో కూడా 1920లలో ఇటలీనుండి వలసవచ్చిన డారిగో సోదరులు కాలిఫోర్నియాలో పండించి బోస్టనుకు రైళ్లలో పంపిన తరువాతనే అందరికీ తెలిసినది. అక్కడి అధ్యక్షుడు జార్జి బుష్, అంటే తండ్రి బుష్, 1990లో నాకు చిన్నప్పటినుండి అది ఇష్టం లేదు, అధ్యక్షుడనయ్యాను గనుక ఇక తినను అని బహిరంగంగానే చెప్పినాడు. రైతులు కోపగించి లారీలకొద్దీ బ్రకోలీ ఆయన ఇంటికి పంపినారట. ఈ కథ చెబితే పిన్ని చాలాసేపు నవ్వినది. “తల్లి తినిపించే పద్ధతిలో తినిపించలేదులే” అన్నది.

కాలీఫ్లవరుకూ దీనికీ ఒక భేదం ఉన్నది. కాలీఫ్లవరులో మనం తినే తెల్లని ముద్ద ఇంకా మొగ్గ కూడా కాలేదు. బ్రకోలీలో తినేది అచ్చంగా మొగ్గలనే. గుత్తిమీద కనిపించే ప్రతి చిన్న గింజా ఒక విచ్చని పువ్వు. వందలకొద్దీ పూలు ఒకేసారి విచ్చుకోవడానికి సిద్ధంగా ఉండగా, విచ్చుకోకముందే మనం కోస్తాము. అందుకే దీనికి గడువు తక్కువ. చలి ఉంటే ఆ మొగ్గలు ఓపిక పడతాయి. పదిహేను నుండి ఇరవై డిగ్రీల చల్లదనం దానికి హాయి. పలుచని మంచు పడినా తట్టుకుంటుంది. ఎండ ముదిరితే మాత్రం మొగ్గలు వదులై, గుత్తి మధ్యలోనుండి ఆకులు పొడుచుకొని వచ్చి, పసుపుపచ్చగా విచ్చిపోతుంది.

నా పెరట్లో జరిగినదంతా విని పిన్ని తేల్చి చెప్పినది. నారు నాలుగు, అయిదు ఆకులు వేయగానే, అనగా విత్తిన నాలుగైదు వారాలకు నాటివేయాలి. ముదిరిన నారు, ఆకలితో ఉన్న నారు తన బ్రతుకు ముగిసిపోతున్నదేమోనని భయపడి తొందరగా పువ్వు వేస్తుంది, అది బొత్తామంత దగ్గరే ఆగిపోతుంది. “బిడ్డకు తిండి పెట్టకుండా పెద్దమనిషివి కమ్మంటే ఎలాగరా?” అన్నది. ఆమె ఉద్యోగం అటువంటిది గనుక ఉపమానాలన్నీ ఆ దారిలోనే వస్తాయి.

మడి సంగతి. గత్తం, అంటే బాగా మాగిన పశువుల ఎరువు, మడికి రెండు గంపలు, దానితో దోసెడు వేపపిండి కలిపి నాటడానికి పదిహేను రోజులు ముందే వేస్తుంది. మొక్కకూ మొక్కకూ మూరెడు ఎడం. నాటిన మూడు వారాలకు ఒకసారి, పువ్వు కంటికి ఆనే సమయానికి ఒకసారి బొరిగెతో గుల్లచేసి, మళ్లీ గుప్పెడేసి ఎరువు వేసి మొదటికి మట్టి ఎగదోస్తుంది. నీరు నిలువకూడదు, మన్ను ఎండకూడదు. ఇంతే. కాడ కోసినప్పుడు లోపల గుల్లగా ఉంటే మట్టిలో బోరాన్ తగ్గినదని, లేదా మొక్క మరీ వేగంగా పెరిగినదని గుర్తు. వాళ్ల మట్టిలో ఆ లోపం కొద్దిగా ఉన్నది. అయితే బోరాక్స్ ఎంత వేయాలో వ్యవసాయాధికారిని అడగకుండా ఎవరూ చల్లవద్దు, చిటికెడు ఎక్కువైతే మొక్కే మాడిపోతుంది.

పురుగు మాత్రం తప్పదు. క్యాబేజీని తినే రెక్కల పురుగే దీనినీ తింటుంది. దడివెంబడి ఆవమొక్కలు వేసినది అందుకే. పురుగు తల్లి ముందు ఆవమీద వాలి గ్రుడ్లు పెడుతుంది. ప్రొద్దున్నే పిన్ని కిరోసిన్ కలిపిన నీళ్ల డబ్బా ఎడమచేత పట్టుకొని, కుడిచేత్తో ఆకులు తిరగేసి పచ్చపురుగుల్ని ఏరి అందులో వేసేది. విరిగి అతుక్కున్న ఆ మణికట్టు పూర్తిగా తిరగదు. ఆకు తిరగేయడానికి మోచేయి ఎత్తవలసి వచ్చేది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. పేనుబంక పట్టినప్పుడు వేపగింజల కషాయం కొడుతుంది. లీటరు నీటికి యాభై గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రంపూట కొడుతుంది. అంతకు మించి మందులేదు ఆ పెరట్లో.

మొదటి సాయంత్రమే నేను వచ్చిన పని చెప్పినాను. ఆమెకు ముందే తెలుసు. ఫోనులో అమ్మ అన్నీ చెప్పే ఉంటుంది.

“ఈ మొక్కలు అవనీయరా” అన్నది.

“ఎన్నాళ్లు పిన్నీ?”

“నడిమి పువ్వులు ఈ వారం. పిలకలు ఫిబ్రవరి ఆఖరిదాకా వస్తాయి.”

మొక్కల కోసం మనిషి ఆగడమేమిటని నాకు విసుగు పుట్టినది. ఇంటివారి కోడలు ఉన్నది కదా, ఆమెకు అప్పగించి రమ్మన్నాను. “అప్పగించాలనే ఆగమంటున్నాను” అన్నది పిన్ని. ఇక మాట్లాడలేదు. లోపలికి పోయి పొయ్యిమీద చోడి అంబలి పెట్టినది.

ఆ నేల ఆమెది కాదు. ముప్పై తొమ్మిది, నలభై ఏండ్లు అక్కడ ఉన్నా సెంటు భూమి ఆమె పేర లేదు, ఉండనూ ఉండదు. ఏజెన్సీలో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉన్నది. 1970లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీలులేదు, గిరిజనేతరుడు ఇంకొక గిరిజనేతరునికి అమ్మడానికి కూడా వీలులేదు. మంచి చట్టమే. అది లేకపోయిన యెడల ఆ లంబసింగి రోడ్డు ప్రక్కన ఈపాటికి ఒక్క గిరిజన కుటుంబం మిగిలేది కాదేమో. పిన్నికి కూడా దానిమీద ఏ ఫిర్యాదూ లేదు. “వాళ్ల నేల వాళ్లకుండాలి. నాకు పెరడు వాడుకోనిచ్చినారు, చాలదూ?” అనేది. ఆ మాటకు నేనేమీ బదులు చెప్పలేదు గాని, ఆ రాత్రి రగ్గు క్రింద వణుకుతూ చాలాసేపు దానిని గూర్చే ఆలోచించినాను.

మంగళవారం తెల్లవారుజామున కోత. ఇంటివారి కోడలు గంప పట్టుకొని వచ్చినది. ఇరవై రెండేండ్ల పిల్ల, వీపున బిడ్డ. ఆ బిడ్డ తండ్రి పుట్టినప్పుడు మంత్రసానిపని చేసినది పిన్నియేనట. పిన్ని వేలితో గుత్తి నొక్కి చూడడం నేర్పుతున్నది. మొగ్గలు అగ్గిపుల్ల తలకంటె చిన్నవిగా, వేలికి గట్టిగా తగలాలి. గుత్తి అంచున మొగ్గలు విడివడి కనిపిస్తే ఆ పూటే కోయాలి. పెద్దది కానీ అని ఆగరాదు. అరచేతి వెడల్పు వచ్చినా కోయవచ్చు, రాకపోయినా మొగ్గ వదులైతే కోయవలసిందే. పదునైన కత్తితో గుత్తికి జానెడు క్రిందుగా కాడను ఏటవాలుగా కోయాలి. తిన్నగా కోస్తే మంచునీరు మోడుమీద నిలిచి కుళ్లుతుంది. ఏటవాలుగా కోస్తే జారిపోతుంది. క్రింది ఆకులు త్రెంపకూడదు, పిలకలకు అవే ఆధారం. ఎండ తగలకముందే కోసినది ఎక్కువసేపు నిలుస్తుంది.

ఏడు పువ్వులు కోసినారు. ఎనిమిదవదాన్ని పిన్ని ముట్టుకొని, “ఇదీ ఈరోజే” అన్నది. అన్నిటిలో అది పెద్దది. నేను అడ్డుపడ్డాను. శుక్రవారం వెళ్లేటప్పుడు తాజాగా కోసి అమ్మకు తీసుకొనిపోతానన్నాను. ఇంకొక మూడు రోజుల్లో మరికొంచెం పెరుగుతుంది కదా అని కూడా నా ఆశ. పిన్ని నా ముఖం చూసి, “నీ ఇష్టం” అన్నది.

ఆ కోడలు నాలుగు పువ్వులు తీసుకొని లంబసింగి రోడ్డుమీద అమ్మడానికి పోయినది. చలి చూడడానికి వచ్చినవారు స్ట్రాబెరీతోపాటు ఇదీ కొంటారట. మిగిలినవాటిని పిన్ని ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో పావుగంట తలక్రిందులుగా ముంచినది. గుత్తుల సందుల్లో దాగిన పచ్చపురుగులు రెండు పైకి తేలినవి. రంగు ఒకటే గనుక కంటికి కనబడవు. ఈ పని చేయకుండా ఎవరూ వండవద్దు. తరువాత గుత్తిని చిన్న పువ్వులుగా విడదీసి, కాడ పైపెచ్చు చెక్కి లోపలి లేతభాగాన్ని చక్రాలుగా తరిగినది. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర పోపులో ముందు కాడ ముక్కలు, తరువాత పువ్వులు. మూతపెట్టలేదు. రంగు నిగనిగలాడగానే దించినది. ఎక్కువసేపు ఉడికిస్తే గంధకపు వాసన వచ్చి, రంగు చచ్చి, ఆ బుష్‌గారి మాట నిజమవుతుంది. లేత ఆకుల్ని పెసరపప్పులో వేసినది. అది నాకు పువ్వుకంటె రుచిగా తోచినది.

ఇది షుగరుకు మందు, క్యాన్సరుకు మందు అని పట్నంలో చెప్పుకుంటారు కదా పిన్నీ అన్నాను. “కూర కూరే, మందు మందే. మాత్రలు మానేసి ఇది తిన్నవాళ్లను చూడాల్సిన పని నాకు పెట్టకండి” అన్నది.

బుధ, గురువారాలు ఎండ కాసినది. కొండమీద చలికాలపు మధ్యాహ్నపు ఎండ చల్లగా ఉన్నట్లే ఉంటుంది గాని మొక్కకు సరిపోతుంది. శుక్రవారం తెల్లవారి నేనే కత్తి తీసుకొని ఎనిమిదవ మొక్క దగ్గరకు పోయినాను. గుత్తి పెరిగిన మాట నిజమే. కాని ముందున్న గట్టిదనం లేదు, విప్పిన పిడికిలిలా ఉన్నది. ఒక అంచున పది పదిహేను మొగ్గలు పసుపుపచ్చగా తేలినవి. పిన్ని వెనుకనుండి వచ్చి చూసినది. నన్నేమీ అనలేదు. కోడలిని పిలిచి, “చూడమ్మా, ఇదీ ఆగితే అయ్యేది” అని చూపించినది. ఆ పిల్ల నావైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది.

ఆ పువ్వును కూడా కోసి, మరి రెండు గట్టివాటితో కలిపి అడ్డాకుల్లో చుట్టి సంచిలో పెట్టినది. అరటిపండ్లు వేరే సంచిలో ఇచ్చినది. మగ్గిన పండ్ల ప్రక్కన పెడితే బ్రకోలీ త్వరగా పసుపెక్కుతుందట. బస్సు దగ్గర, “మార్చి మొదటివారంలో జీపు మాట్లాడి పంపు. సామాను ఎక్కువ లేదు” అన్నది. నేను అప్పటికి అడగడం మానేసినాను. ఆమే చెప్పినది.

ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండయినది. అమ్మ మేలుకొని ఉన్నది. నా వెనుక ఎవరూ లేకపోవడం చూసి ఒక నిమిషం ఊరకే నిలబడినది. సంచి అందిస్తే అడ్డాకులు విప్పి, వదులైన పువ్వునే చేతిలోకి తీసుకొని, “ఇది ఎవరు కోసినారు? నువ్వేనా?” అని అడిగినది. ఆమె జన్మలో బ్రకోలీ చూడలేదు. ఎట్లు తెలిసినదో నాకు తెలియదు.

పిన్ని చెప్పినట్లే 2024 మార్చిలో వచ్చినది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక రగ్గు, విత్తనాల సీసాలు. ఆ వేసవి ఆమెకు కష్టమే అయినది. నలభై ఏండ్లు ఎరుగని ఎండ. మే నెలంతా తడిగుడ్డ భుజాన వేసుకొని అక్కాచెల్లెళ్లిద్దరూ వసారాలో కూర్చొని, చిన్నప్పటి సంగతుల గూర్చి పోట్లాడుకున్నారు. సెప్టెంబరు చివర వానలు తెరిపి ఇవ్వగానే పార్సనేజి పెరట్లో తూర్పుగోడ ప్రక్కన, మధ్యాహ్నం తరువాత వేపచెట్టు నీడ పడేచోట నారుమడి కట్టించినది. నారుకుళ్లు రాకుండా మడి ఎత్తు చేయించినది. అక్టోబరు చివర నాటినాము. ఈసారి తేదీ నేను మరువలేదు, గుడి క్యాలెండరులో పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను.

డిసెంబరు చివరికి నడిమి పువ్వులు వచ్చినవి. గుప్పెడంత, ఇంకొంచెం ఎక్కువ. నాకు గొప్పగా తోచినది. సంఘస్థులు వచ్చి చూసిపోయినారు. పిన్ని మాత్రం వేలితో నొక్కి, “కొండమీద దానిలో సగం” అన్నది. పిలకలు మొక్కకు మూడో నాలుగో, సన్నగా వచ్చినవి. అక్కడ ఫిబ్రవరి చివరిదాకా వచ్చేవి ఇక్కడ జనవరితోనే ఆగిపోయినవి. మన డెల్టాలో అంతకుమించి ఆశించడం అత్యాశ. నవంబరు, డిసెంబరు, జనవరి, ఈ మూడు నెలల చలినే నమ్ముకొని నాటాలి. ఒకటే జట్టు, రెండవ జట్టు వద్దు. మిగిలిన మొక్కల్ని పిన్ని పీకనీయలేదు. పూయనిచ్చినది. తేనెటీగలు వచ్చినవి. పది రూపాయలకు పాడుకున్న ఆ పిల్లవాడు ఎదిగి తొమ్మిదో తరగతికి వచ్చినాడు. వాడు రెండు కొమ్మలు త్రెంపుకొని మేకకు తీసుకొనిపోయినాడు.

ఆ జనవరిలోనే ఒక ఉదయం నేను ప్రసంగం వ్రాసుకుంటుండగా వసారాలో పిన్ని ఫోను మ్రోగినది. కొండమీది కోడలు. ఆ యింట పెళ్లి అయిపోయినది, పెరడు ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది. ఈసారి నలభై మొక్కలు వేసినదట. అక్కడ టవరు సరిగా అందదు గనుక పిన్ని గట్టిగా మాట్లాడుతున్నది, లోపలికి అంతా వినిపిస్తున్నది.

“నొక్కి చూసినావా? … వేలితో కాదు, బొటనవేలితో. … అంచు చూడు, అంచు. … మొగ్గలు విడివడినాయా? … మరి ఇంకేమి చూస్తున్నావు? సంత రేపయితే రేపు పో. పువ్వు మాత్రం ఇవాళే కొయ్యి. … ఏటవాలుగా.”